గణకవృత్తికి ఐదవ యేడు

ఒక కంపెనీ సాలుసరి లెక్కలు ప్రకటించునపుడు ఆస్తి అప్పుల పట్టీ చివర ఒక సంతకముండును. ఆ కంపెనీలో వాటాలు కొన్న పింఛనుదారు గాని, దానికి అప్పిచ్చిన బ్యాంకువారు గాని, పన్ను కట్టించుకొను ప్రభుత్వోద్యోగి గాని దాని చిట్టా ఆవర్జాలను స్వయముగా తిరుగవేసి చూడజాలరు. అందరును ఆ సంతకమును చూచి నమ్ముదురు. ఇందరి నమ్మకమును మోయునది కావున దానిని ఎవరు పడినవారు చేయగూడదనుట న్యాయమే. అయితే చేయదగినవాడెవడు? అతడెంత చదివి యుండవలెను? చదువును ఇంకొక యేడు పెంచినచో ఆ సంతకము విలువ పెరుగునా, లేక సంతకము చేయువారి సంఖ్య మాత్రమే తగ్గునా? ఊహించి జవాబు చెప్పుట సులభము. ఒక దేశమువారు ఊహతో ఊరకుండక ఆ పని చేసియే చూచిరి. నలువది యేండ్లకు పైగా సాగిన ఆ ప్రయత్నపు ఫలితములు ఇప్పుడు మన యెదుట నున్నవి. అది అమెరికా కథ. మన బి.కాం. విద్యార్థులకును దానితో సంబంధము కలదు; ఆ సంగతి చివర చెప్పెదను.

లెక్కలు వ్రాయువానికి చదువెంత కావలెనను ప్రశ్న మన పూర్వులకు పెద్దగా తోచలేదు. గ్రామ కరణము కుమారుడు తండ్రి ప్రక్కన కూర్చుండి శిస్తు, బకాయి, అడంగలు అను మాటలను అక్షరములతోపాటే నేర్చుకొనెడివాడు. పని వచ్చుటకు ఆ పద్ధతి చాలును. కాని ఆ ప్రక్కన కూర్చుండు భాగ్యము పుట్టుకతో వచ్చునది. కరణముగారి ఇంట పుట్టనివానికి ఎంత గణితము వచ్చినను కరణీకము రాదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వంశపారంపర్యపు హక్కును రద్దు చేసినది. చదువును, పరీక్షను అర్హతలుగా పెట్టుటలోని మేలు ఇక్కడనే తెలియును. అవి పుట్టుకను అడుగవు. అడుగనట్లు కనిపించునని చెప్పుట మరింత సరియేమో! ఏలయనిన, చదువునకు డబ్బు కావలెను, కాలము కావలెను. ఈ రెండును చాలవరకు పుట్టిన ఇంటినిబట్టియే లభించును.

ఇంగ్లాండులో ఉండిన ద్వారము వేరు. 1880లో రాజశాసనము పొందిన అక్కడి చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ, అభ్యర్థిని ఒక పెద్ద గణకునివద్ద ఐదేండ్లు శిష్యరికము చేయుమన్నది. విశ్వవిద్యాలయ పట్టభద్రునకు మూడేండ్లు చాలును. శిష్యుడు జీతము పుచ్చుకొనుటకు మారుగా గురువునకే కొన్ని వందల గినీలు చెల్లించి చేరెడివాడు. ఇదియు ధనద్వారమే. కాని పని నేర్పునది పుస్తకము కాదు, బల్లయే యను నమ్మకము దాని వెనుక నుండెను. ఆ నమ్మకము అక్కడ ఇప్పటికిని పోలేదు. నేటికిని ఇంగ్లాండులో పాఠశాల చదువు ముగించిన యువకుడు ఆఫీసులో పని చేయుచు, పరీక్షలు వ్రాయుచు చార్టర్డు అకౌంటెంటు కావచ్చును. పట్టా పుచ్చుకొని వచ్చినవాడైనను లెక్కల పట్టాయే తేవలెనను నియమము లేదు. చరిత్ర చదివినవాడును చేరవచ్చును. అంతమాత్రముచేత ఇంగ్లీషు ఆడిటరు సంతకమును లోకము తక్కువగా చూచుట లేదు.

అమెరికావారు మరియొక దారి త్రొక్కిరి. అక్కడ ఈ వృత్తికి లైసెన్సు ఇచ్చునది కేంద్ర ప్రభుత్వము కాదు, ఒక్కొక్క రాష్ట్రము. మొదటి చట్టము 1896లో న్యూయార్కు రాష్ట్రమున వచ్చినది. అప్పటినుండి లైసెన్సు పొందినవానిని సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంటు, క్లుప్తముగా సి.పి.ఎ., అనుచున్నారు. లైసెన్సునకు మూడు కాళ్లు: చదువు, పరీక్ష, అనుభవము. పరీక్షకు 1917లోనే ఒక ఉమ్మడి రూపము ఏర్పడినది. క్రమక్రమముగా అన్ని రాష్ట్రములును దానినే అంగీకరించినవి. చదువు విషయములో తొలిరోజులలో ఉన్నత పాఠశాల విద్య చాలుననిరి. కాలేజీ పట్టా కావలెనని న్యూయార్కు 1938 నుండి నిర్బంధించినది. ఇతర రాష్ట్రములు నెమ్మదిగా అదే బాటను పట్టినవి. అంతవరకు ఎవరికిని పెద్దగా అభ్యంతరము కలుగలేదు.

అసలు కథ తరువాతిది. అమెరికా కాలేజీలలో చదువును సంవత్సరములతో గాక గంటలతో కొలుతురు. వారమునకొక గంట చొప్పున ఒక అర్ధసంవత్సరము సాగిన పాఠము ఒక గంట యగును. నాలుగేండ్ల పట్టాకు ఇట్టివి 120 గంటలు. లెక్కల పరిశోధన నానాటికి జటిలమగుచున్నది గనుక ఇవి చాలవని వృత్తి పెద్దలు 1950వ దశకము చివరనుండియే అనుచుండిరి. 1969లో వారి సంఘము నియమించిన ఒక ఉపసంఘము ఐదేండ్ల చదువును సిఫారసు చేసినది. ఫ్లారిడా రాష్ట్రము 1983లో 150 గంటల నియమమును అమలులో పెట్టినది. 1988లో అమెరికా సి.పి.ఎ.ల సంస్థ సభ్యులు వోటు వేసి, 2000 సంవత్సరము తరువాత కొత్తగా చేరువారందరికిని 150 గంటలు ఉండవలెనని తీర్మానించుకొనిరి. ఇక రాష్ట్రములు ఒకదాని వెంట నొకటి చట్టములు చేసినవి. ఇందులో ఒక చిక్కు ఇమిడియున్నది. ఒక రాష్ట్రపు లైసెన్సు పొరుగు రాష్ట్రమున చెల్లవలెననినచో రెండింటి నియమములును సమానముగా నుండవలెను. పొరుగువారు 150 అనినపుడు మనము 120తో నిలిచినచో మనవారి లైసెన్సు సరిహద్దు దాటదు. అందుచేత ఇష్టమున్నవారును, లేనివారును ఆ ప్రవాహములో పడిరి. కాలిఫోర్నియా చాలకాలము ఆగి 2014లో చేరినది. ఆ ప్రాంతమున అన్ని రాష్ట్రములకును ఈ నియమము వ్యాపించినది.

పెంచినవారి ఉద్దేశము చెడ్డదని నేననను. 1950 నాటి పన్నుల చట్టమునకు, 1980 నాటి పన్నుల చట్టమునకు పోలికయే లేదు. కంప్యూటరు వచ్చినది. కంపెనీలు దేశదేశములలో వ్యాపారము చేయసాగినవి. లెక్కలు చూచువానికి లెక్కలు మాత్రమే గాక న్యాయము, అర్థశాస్త్రము, మంచి వాక్యము వ్రాయు నేర్పు కావలెననిరి. వైద్యుడును, వకీలును పట్టా మీద పట్టా చదువుచుండగా గణకుడొక్కడే నాలుగేండ్లతో సరిపెట్టుకొనుట గౌరవము కాదను భావమును ఉండెను. ఈ చివరి కారణమును తీర్మానములలో వ్రాయరు గాని, వృత్తిసంఘముల సభలకు వెళ్లినవారికి అది తెలియని సంగతి కాదు.

అయితే చట్టము చేయునపుడు ఒక వింత జరిగినది. ఏమి చదువవలెనో చెప్పుట కష్టము. ఎన్ని గంటలు చదువవలెనో చెప్పుట సులభము. చట్టము సులభమైనదానినే పట్టుకొన్నది. లెక్కల శాస్త్రములోను, వాణిజ్య శాస్త్రములోను ఇన్నేసి గంటలుండవలెనని రాష్ట్రములు చెప్పినమాట నిజమే. కాని చాలచోట్ల ఆ లెక్క నాలుగేండ్ల పట్టాలోనే పూర్తియగును. అదనముగా పెట్టిన 30 గంటలను పలు రాష్ట్రములలో ఏ విషయముతోనైనను నింపవచ్చును. ధనమున్నవాడు మాస్టర్సు పట్టా చదువును. లేనివాడు చుట్టుప్రక్కల చవుకగా దొరకు కాలేజీలో చిత్రలేఖనమో, స్పానిష్ భాషయో, ఏది సాయంకాలపు వేళకు కుదిరిన అది చదివి గంటలు కూడబెట్టుకొనును. చిత్రలేఖనము మంచి విద్యయే. కాని దానివలన సరకు నిల్వల మదింపులోని తప్పు పట్టుబడునని ఎవరును వాదింపలేరు. ఇంకొక విశేషమేమనిన, చాల రాష్ట్రములు 120 గంటలతోనే పరీక్షకు కూర్చుండనిచ్చినవి. పరీక్ష నెగ్గినవాడు, అనగా వృత్తికి కావలసిన జ్ఞానము తనకు కలదని అందరితో సమానముగా రుజువు చేసికొన్నవాడు, తక్కిన 30 గంటలు లేని కారణమున లైసెన్సు లేక నిలిచిపోవును.

ఈ ఐదవ యేటి ఖరీదు ఎంత? కాలేజీ జీతము మాత్రమే ఖరీదు అనుకొనుట పొరపాటు. ఒక దృష్టాంతము చూడుడు. ఓహాయో రాష్ట్రమున ఒక చిన్న పట్టణమందు లారీ నడుపువాని కుమార్తె ఒకతె లెక్కల పట్టా పుచ్చుకొన్నదనుకొందము. నాలుగేండ్ల చదువునకు ఆమె అప్పు చేసియున్నది. ఐదవ యేడు చదివినచో మరల జీతము కట్టవలెను. అది మొదటి ఖర్చు. ఆ యేడు ఉద్యోగము చేసియున్నచో వచ్చు సంపాదన రాదు. ఇది రెండవ ఖర్చు, సాధారణముగా మొదటిదానికంటె పెద్దది. పాత అప్పు తీర్చుట ఒక యేడు వెనుకకు పోవును, ఇది మూడవది. ఇదే సమయమున ఆమెతో కూడ చదివిన మరియొక బాలిక బ్యాంకులోనో, కంప్యూటరు కంపెనీలోనో నాలుగేండ్ల పట్టాతోనే చేరి జీతము పుచ్చుకొనుచుండును. లెక్కల వృత్తిలో ఐదేండ్లు చదివినవారికి ఆ అదనపు యేటికి తగినంత అదనపు జీతము దొరకునా యనిన, యజమానులు చదువును చూచి గాక పనిని చూచి జీతము నిర్ణయింతురు. మొదటి రెండేండ్లలో నాలుగేండ్లవాడును, ఐదేండ్లవాడును చేయు పని ఒక్కటే: రసీదులు సరిచూచుట, పట్టీలు కూడుట, పెద్దవారు అడిగిన కాగితము వెదకి ఇచ్చుట. ఈ లెక్కలన్నియు ఆ బాలిక కాగితము మీద వేయకపోవచ్చును. ఆమె తండ్రి మాత్రము మనసులో వేయును. ఇట్లు వేయబడిన వేలకొలది లెక్కల మొత్తమే వృత్తిలో ప్రవేశించువారి సంఖ్య.

ఆ సంఖ్యకు ఏమైనదో కొలుచుటకు అమెరికాలో ఒక సౌకర్యము కలిగినది. రాష్ట్రములన్నియు ఒకేనాడు గాక వేరువేరు సంవత్సరములలో నియమమును తెచ్చినవి. కావున తెచ్చిన రాష్ట్రమును తేని రాష్ట్రముతోను, తెచ్చిన పిమ్మటి యేండ్లను వెనుకటి యేండ్లతోను పోల్చి చూడవచ్చును. సామాన్యముగా ఇట్టి పోలిక సామాజిక శాస్త్రజ్ఞులకు దొరకదు. నియమము వచ్చుటకు ముందటి సంవత్సరములో, తలుపు మూయకముందే లోపలికి పోవలెనని, పరీక్షకు జనము విరుచుకపడిరి. వచ్చిన తరువాత తగ్గిపోయిరి. ఈ తగ్గుటను పలువురు పరిశీలించిరి. వారిలో జాన్ బారియోస్ అను పండితుడు 2022లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. నియమమువలన వృత్తిలో చేరువారు తగ్గిరని అతడు చూపెను. ఇది ఊహించినదే. ఊహింపనిది మరియొకటి. తగ్గినవారిలో మందమతులు మాత్రమే లేరు; చురుకైనవారును తగ్గిరి. నియమము క్రింద వచ్చినవారిని, నియమము లేకుండ వచ్చినవారిని ఉద్యోగములలో పోల్చి చూడగా నాణ్యములో భేదము కానరాలేదు. వారి వ్రాతలోని స్పష్టతను సహితము కొలిచి చూచిరి. అదియు రెండు వర్గములకు ఒకే తీరుగా నుండెను. మంచి వాక్యము కొరకు గదా గంటలు పెంచుదుమనిరి!

చురుకైనవారేల పోవలెను? కొంచెము ఆలోచించినచో ఇది సహజమేయని తోచును. జల్లెడ సన్నమైన కొలది మేలిమి మాత్రమే నిలుచునని మన నమ్మకము. కాని జల్లెడ దేనినిబట్టి జల్లించుచున్నదో చూడవలెను. పరీక్ష తెలివినిబట్టి జల్లించును. సంవత్సరములు ఓపికనుబట్టియు, డబ్బునుబట్టియు జల్లించును. మిక్కిలి తెలివిగలవానికి నాలుగు వృత్తులు తలుపులు తెరచి పిలుచుచుండగా, ఐదవ యేడు అడుగు వృత్తికి అతడు నమస్కారము చేసి వెళ్లిపోవును. వేరు దారి లేనివాడు, లేక ఇంటిలో కలవాడు నిలుచును.

డబ్బునుబట్టి జల్లించుటవలన ఎవరు ఎక్కువ నష్టపడుదురో చెప్పనక్కరలేదు. అమెరికాలో నల్లజాతివారును, ఇతర అల్పసంఖ్యాకులును గణకవృత్తిలో మొదటినుండియు చాల తక్కువ. 150 గంటల నియమము వచ్చిన పిమ్మట వారి ప్రవేశము ఇతరుల ప్రవేశముకంటె ఎక్కువగా తగ్గినదని మరియొక పరిశోధన తేల్చినది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. చదువు తగ్గించి దాని స్థానమున అనుభవము పెట్టినచో అన్యాయము తొలగునని కొందరందురు. అనుభవమును ఒక తలుపే. దానికిని కాపలావాడుండును. జాన్ క్రామ్వెల్ అను నల్లజాతీయుడు డార్ట్మత్ కాలేజీలో చదివి వాషింగ్టనులో నివసించుచుండెను. చదువుకు లోటు లేదు. లైసెన్సునకు ఒక సి.పి.ఎ. క్రింద పని చేసిన అనుభవము కావలెననిరి. నల్లవానికి అట్టి పని ఇచ్చు తెల్ల సి.పి.ఎ. ఎక్కడ? తుదకు అనుభవము అడుగని న్యూహాంప్షైరు రాష్ట్రమునకు పోయి పరీక్ష వ్రాసి, 1921లో అతడు అమెరికాలో మొదటి నల్లజాతి సి.పి.ఎ. అయ్యెను. మనదేశమునను ఇట్టి చిక్కులుండెను. మదరాసుకు చెందిన ఆర్. శివభోగం 1933లో గణకశాస్త్రపు డిప్లొమాలో ఉత్తీర్ణురాలై ఈ వృత్తికి అర్హత పొందిన తొలి భారతీయ మహిళ అయ్యెను. ఆమె పరీక్ష నెగ్గుట ఒక యెత్తు, స్త్రీని శిష్యురాలిగా చేర్చుకొను ఆడిటరు దొరకుట ఒక యెత్తు. కావున అనుభవమును అర్హతగా పెట్టినవారు, ఆ అనుభవము అందరికి అందుబాటులో నుండునట్లు చూచు భారమును కూడ వహింపవలెను.

ప్రవేశము కష్టమైనచో లోపలనున్నవారికి లాభమా? లాభమేనని అర్థశాస్త్రజ్ఞులు చాలకాలమునుండి చెప్పుచున్నారు. మిల్టన్ ఫ్రీడ్మన్, సైమన్ కుజ్నెట్స్ అనువారు 1945లో ప్రచురించిన గ్రంథములో వైద్యులు, దంతవైద్యులు, వకీళ్లు, ఇంజనీర్లతోపాటు గణకుల ఆదాయములను కూడ పరిశీలించిరి. వైద్యుల ఆదాయము దంతవైద్యుల ఆదాయముకంటె ఎక్కువగా నుండుటకు ప్రవేశములోని కష్టము ఒక కారణమనిరి. గణకవృత్తిలో మాత్రము ఈ సూత్రము ఒక దశ దాటిన పిమ్మట ఎదురు తిరిగినది. చేరువారు తగ్గగా ఉన్నవారి మీద పని పెరిగినది. పని పెరుగగా ఉన్నవారును విసిగి పోసాగిరి. 2019 తరువాతి రెండు మూడేండ్లలో మూడు లక్షలమందికి పైగా గణకులు, ఆడిటర్లు ఉద్యోగములు విడిచిరని అమెరికా పత్రికలు ప్రభుత్వపు అంకెలనుబట్టి వ్రాసినవి. అందరును ఐదవ యేటివలననే పోలేదు. వయసు మీరినవారు కొందరు, కొవిడ్ వ్యాధికాలములో మనసు మారినవారు కొందరు, జీతము చాలనివారు కొందరు. కాని పోయినవారి చోటికి రావలసినవారు రాకపోవుటలో ఐదవ యేటి పాత్ర లేదనుట కష్టము.

చదువు పెంచుటచే మోసములు తగ్గునను ఆశ ఒకటి కలదు. తెలుగువారికి ఈ విషయము విడమరచి చెప్పనక్కరలేదు. 2009 జనవరిలో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు తన లేఖలో ఒప్పుకొన్నదానినిబట్టి, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. ఆ లెక్కల క్రింద ఆడిటర్ల సంతకములున్నవి. వారు చదువనివారు కారు. బ్యాంకులో డబ్బున్నదా లేదా యని కంపెనీ ద్వారా గాక నేరుగా బ్యాంకునే అడిగి జవాబు తెప్పించుకొనవలెననునది ఆడిటు ఆఫీసులో చేరిన కుర్రవానికి మొదటి యేటనే చెప్పు పాఠము. ఆ పాఠము తెలియక గాదు, పాటింపక చెడినది. పాటింపజేయుటకు కావలసినది పర్యవేక్షణ, శిక్ష, స్వతంత్రత. అవి కాలేజీ గంటలలో దొరకు సరకు కాదు. చదువు వ్యర్థమని దీని అర్థము కాదు. ఒక రోగమునకు ఇచ్చు మందు మరియొక రోగమును కుదుర్చునని ఎదురుచూడరాదని మాత్రమే.

అమెరికాలో గాలి మారుటకు చాలకాలము పట్టినది. వృత్తిసంస్థలు మొదట 150 గంటలను గట్టిగా సమర్థించినవి. తరువాత కొన్ని రాష్ట్రముల సంఘములు తామే ముందుకు వచ్చి వేరు దారి తెరువవలెననినవి. 2025 జనవరిలో ఓహాయో రాష్ట్రము చట్టము చేసినది. దాని ప్రకారము 2026 జనవరి 1వ తేదీనుండి నాలుగేండ్ల పట్టా, రెండేండ్ల అనుభవము, పరీక్ష ఈ మూడును ఉన్నచో లైసెన్సు లభించును. మాస్టర్సు పట్టా చదివినవారికి ఒక్క యేటి అనుభవము చాలును. అదే సంవత్సరమున వర్జీనియా, యూటా, టెక్సాసు మొదలగు పలు రాష్ట్రములు ఇట్టి చట్టములే చేసినవి. 2025లోనే వృత్తిసంస్థలును తమ నమూనా చట్టమును సవరించుకొని ఈ దారిని అంగీకరించినవి. వెనుక ఒకరినిచూచి ఒకరు పెంచినట్లే ఇప్పుడు ఒకరినిచూచి ఒకరు సడలించుచున్నారు. సరిహద్దు దాటు లైసెన్సు చిక్కు మరల తలయెత్తినది. దానిని విప్పుటకును కొత్త చట్టములలో ఏర్పాట్లు చేయుచున్నారు. ఐదవ యేడు రద్దు కాలేదని గమనింపవలెను. ఇష్టమున్నవారు చదువవచ్చును. తప్పనిసరి యనుట మాత్రమే పోవుచున్నది.

మనదేశపు పద్ధతి మొదటినుండియు వేరు. 1949 జూలై 1న చార్టర్డు అకౌంటెంట్ల చట్టము అమలులోనికి వచ్చినది. ఇప్పుడు పండ్రెండవ తరగతి చదివినవారు ఫౌండేషను పరీక్ష వ్రాసి ఈ బాటలో అడుగు పెట్టవచ్చును. 2012 నుండి నిర్ణీతమైన మార్కులు గల పట్టభద్రులు ఆ మొదటి పరీక్ష లేకుండనే రెండవ మెట్టున చేరవచ్చును. ఆడిటరువద్ద చేయు ఆర్టికల్సు కాలమును 2006 ప్రాంతమున మూడున్నర యేండ్లు చేసి, 2009లో మూడేండ్లకు దించి, 2023 నాటి కొత్త ప్రణాళికలో రెండేండ్లకు తగ్గించిరి. అనగా మన తలుపు వెడల్పైనది. కాని తలుపు వెనుక మెట్లు నిటారుగా నున్నవి. తుది పరీక్షలో రెండు గ్రూపులు ఒకేసారి వ్రాసినవారిలో ఉత్తీర్ణులగువారు చాల తడవలు నూటికి 20 లోపుననే యుందురు. అమెరికావాడు ఐదవ యేటిని కాలేజీకి చెల్లించిన, మనవాడు ఐదవ, ఆరవ, ఏడవ యేండ్లను మరల మరల వ్రాయు పరీక్షలకు చెల్లించుచున్నాడు. గుంటూరులోనో, విజయవాడలోనో అద్దె గదిలో కూర్చుండి నాలుగవసారి పుస్తకము తెరచు యువకుని ఇంటివారికి ఆ ఖరీదు తెలియును. ఐనను ఒక భేదము కలదు. ఆ పరీక్ష అతని తండ్రి ఆదాయమును అడుగదు. ఆర్టికల్సులో వచ్చు భృతి స్వల్పమైనను చేతికి కొంత వచ్చునే గాని చేతినుండి పోదు. రెండింటిలో ఏది మేలని నన్నడిగినచో, కష్టమైన పరీక్షయే మేలందును. తప్పినవానికి తాను ఏ కాగితములో తప్పెనో తెలియును.

ఇప్పుడు మన బి.కాం. విద్యార్థుల సంగతి. సి.పి.ఎ. పరీక్షను 2020 నుండి భారతదేశములోనే వ్రాయవచ్చును; కేంద్రములలో హైదరాబాదును ఒకటి. అమెరికా సంస్థల లెక్కల పని పెద్ద యెత్తున హైదరాబాదు కార్యాలయములలో జరుగుచుండుటచేతను, అక్కడ గణకులు చాలకపోవుటచేతను మన పిల్లలకు దీనియందు మక్కువ పెరిగినది. గంటల లెక్క ఇక్కడ వారిని పట్టుకొనును. మన మూడేండ్ల బి.కాం.ను సాధారణముగా యేటికి 30 చొప్పున 90 గంటలుగా లెక్కింతురు. దానికి రెండేండ్ల ఎం.కాం. చేర్చినచో 150 అగును. చార్టర్డు అకౌంటెంటు పరీక్షలను గంటలుగా అంగీకరించుటలో రాష్ట్రమునకు రాష్ట్రమునకు భేదము కలదు. మంచి శ్రేణి పొందిన విశ్వవిద్యాలయముల మూడేండ్ల పట్టాను నాలుగేండ్ల పట్టాకు సమానముగా మదింపు చేయు సంస్థలును కలవు, చేయనివియు కలవు.

అమెరికాలో 150 పోయి 120 వచ్చినదని విని, ఇక మన బి.కాం. చాలునని కొందరు తలిదండ్రులు సంతోషించుట సహజము. 90కి, 120కి నడుమ ఇంకను 30 గంటల దూరమున్నదని వారు మరువరాదు. పైగా కొత్త దారిలో రెండేండ్ల అనుభవము కావలెను. దానిని ఎవరు ధ్రువీకరింపవలెననునది ఆయా రాష్ట్రపు బోర్డు నిర్ణయించును. ఏ రాష్ట్రపు లైసెన్సు కోరుచున్నారో మొదట నిశ్చయించుకొని, ఆ బోర్డు నియమమును నేరుగా చదివి, పట్టా మదింపు చేయించుకొనవలెను. ఆ కాగితము చేతికి వచ్చిన తరువాతనే శిక్షణ కేంద్రమునకు రుసుము కట్టవలెను. ఈ వరుసను తారుమారు చేసి ముందు రుసుము కట్టి, పిదప గంటలు లెక్కించుకొనువారు ప్రతి యేడును కొందరుందురు.